చాటున అల్లిన ఉయ్యాల

గోగులకోనలో పొద్దు ఒక్కసారిగా పొడవదు. ముందు తూర్పు శిఖరం నెత్తిన కుంకుమ బొట్టంత వెలుగు పడుతుంది. ఆ బొట్టు కరిగి, రాతి మడతల్లోంచి ధారలుగా దిగి, శంఖధార జలపాతాన్ని తాకేసరికి నీళ్లు పొయ్యిమీది పాలలా పొంగుతాయి. తుంపరలు లేచి గాలిలో ఏడు రంగుల తోరణం కడతాయి. ఆ తోరణం కింద కళ్లు తిరిగేంత లోతైన లోయ, ఆ లోయమీద సన్నటి చెక్క వంతెన. వంతెనకు ఆవల లోకమంతా. ఈవల నలభై గడపల ఊరు, ఆ ఊరి చుట్టూ కత్తులు దూసిన కాపలావాళ్లలా నిలువెత్తు కిత్తలి ఆకులు.

ఎనిమిదో రోజు ఉదయం ఆ వంతెన దాటి ఇద్దరు గాజుల వ్యాపారులు ఊళ్లో అడుగుపెట్టారు. ముందు నడిచేవాడు పొడగరి. భుజాన గాజుల మలారం ఉన్నా నడకలో రాచగుర్రం ఎక్కి దిగిన ఠీవి దాగడం లేదు. వెనక వచ్చేవాడికి పొట్ట ముందు, మనిషి తర్వాత.

"ప్రభూ!" అన్నాడు పొట్టవాడు ఆయాసపడుతూ.

"శెట్టీ అనమన్నానా!"

"శెట్టి ప్రభూ, ఎవరింట్లోనో జొన్నరొట్టె కాలుతోంది. ముందు అటు వెళితే గాజులు బాగా అమ్ముడుపోతాయని నా మనసు చెబుతోంది."

ఆ పొడగరి రత్నకూట రాజకుమారుడు అరుణకేతుడు. పొట్టవాడు అతని ప్రాణమిత్రుడు, మంత్రికొడుకు తుందిలుడు. వాళ్లకు ఈ అవతారం ఎత్తే అవసరం రత్నకూటం నిండు సభలో వచ్చింది. జడల్లోంచి పొగలు కక్కే ధూమ్రజటుడనే మాంత్రికుడు మహారాజు ముందుకు వచ్చి, "గోగులకోన నాకివ్వు. అక్కడి జనం ఏ పనీ చేతకాని సోమరులు. వాళ్లను తెచ్చి నీ కోటకు రాళ్లు మోయించుకో. బదులుగా నీకు ముసలితనం రాని మందు ఇస్తాను" అన్నాడు. ఊరు ఖాళీ అయితేనే జలపాతం వెనక గుహలోని నాగమణి తనకు దక్కుతుందన్న సంగతి మాత్రం వాడు చెప్పలేదు.

మహారాజుకు అప్పటికే రెండు నెరిసిన వెంట్రుకలు కనబడి దిగులుగా ఉంది. ఆయన మొగ్గుతుంటే అరుణకేతుడు అడ్డం పడ్డాడు. చివరికి రాజు ఒక మాట అన్నాడు: "నీకు పది రోజులు గడువు. పదో రోజు పొద్దు గూకేలోగా ఆ ఊరిని నిలబెట్టే పని ఒకటి సభకు తెచ్చి చూపించు. అది ఆ నేలలో పుట్టిందై ఉండాలి. ఆ ఊరి చేతులకు వచ్చిందై ఉండాలి. పొరుగు రాజ్యాలవాళ్లు వెతుక్కుంటూ వచ్చి కొనేదై ఉండాలి. మూడింటిలో ఒక్కటి తప్పినా ఊరు మాంత్రికుడిదే."

మొదట ఇద్దరూ పెట్టుడు గడ్డాలతో రాజోద్యోగుల వేషంలో వచ్చారు. గడువు సంగతి ఊరివాళ్లకూ తెలుసు కాబట్టి, పాపం, వాళ్లు చేతనైనంత గొప్పగా సిద్ధపడ్డారు. అసలు ఆ ఊళ్లో ఒక అలవాటుంది. ఇంటికి పైవాళ్లు వస్తే ఇంట్లో చేసుకున్న వస్తువు ఒక్కటీ బయట పెట్టరు. అటకెక్కించి, సంతలో కొన్నవే ముందు పరుస్తారు. అదే మర్యాద అనుకుంటారు. ఊరిపెద్ద కొండప్ప మీసం దువ్వుకుంటూ పట్టుచీర పరిచి, "మా ఊర్లో నేసిందే దొరా!" అన్నాడు. చీర అంచున రత్నకూటం నేతవీధి హంసముద్ర నిగనిగలాడుతోంది. ఇత్తడి చెంబులు తెచ్చి, "మా ఊర్లో పోతపోసిందే!" అన్నాడు. సంతలో చుట్టిన గడ్డి ఇంకా చెంబు మెడకే ఉంది.

ఇక కుండలు. పొరుగున మన్నేపల్లి కుండలతో బాగుపడిందని చెవిన పడేసరికి గోగులకోనలో నలభై ఇళ్లూ నలభై కుమ్మరి సారెలు పెట్టేశాయి. మన్నేపల్లిది జిగటమట్టి, తమది ఇసకమట్టి అని ఒక్కరూ చూసుకోలేదు. తుందిలుడు దప్పికై ఆ కుండ ఎత్తి తాగబోతే నీళ్లు నోట్లోకి తప్ప ఒళ్లంతా కారాయి.

ఆ వేషం అలా బెడిసికొట్టింది. రాజధానికి తిరిగిపోయి, గాజులు తొడగడం నేర్చుకుని, ఆ నేర్చుకోవడంలో మూడు డజన్లు పగలగొట్టి, మళ్లీ వచ్చేసరికి ఇదిగో, ఎనిమిదో రోజు.

కొండప్ప అరుగు మీద మలారం విప్పగానే ఆడవాళ్లు మూగారు. చిలకపచ్చవి, వంగపూవు రంగువి, గువ్వకన్ను ఎరుపువి ఎండలో తళుక్కుమన్నాయి. అందరికన్నా ముందు చెయ్యి చాపింది వీరనాగమ్మ. అరవై ఏళ్లుంటాయి. ఆమె మాటకు ఊళ్లో కొండప్ప మీసమైనా సరే వంగుతుంది.

"మెల్లిగా తొడుగు శెట్టీ. ఇది చెయ్యి, రోకలి కాదు."

అరుణకేతుడు ఆ చెయ్యి మడిచి గాజు ఎక్కిస్తూ ఒక్క క్షణం ఆగాడు. చూపుడువేలి మీద సన్నటి గాడి. రాతిమీద తాడు ఒరిసి ఒరిసి పడినటువంటి నున్నటి గాడి. రెండో ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అదే వేలు, అదే గాడి. మూడో ఆమెకూ అంతే. పదహారేళ్ల పిల్లకు లేత గాడి, పళ్లూడిన అవ్వకు లోతు గాడి.

"ఏంది శెట్టీ, గాజులేస్తాండావా, జాతకం చదువుతాండావా?" అంది వీరనాగమ్మ. ఆడవాళ్లు గొల్లుమన్నారు.

"జాతకం కాదవ్వా. మీ అందరి వేళ్లమీదా ఒకే గాడి ఉంది. దేనివల్ల పడిందా అని."

నవ్వులు టక్కున ఆగిపోయాయి.

"పిడకలు చేసీ చేసీ" అంది ఒకామె.

"కాదు, నీళ్లు తోడీ తోడీ" అంది ఇంకొకామె వెంటనే.

"పిడకలకు వేలు కోసుకుపోయిందా!" అన్నాడు తుందిలుడు. "ఏం మేస్తాయమ్మా మీ బర్రెలు, ఇనుమా?"

ఆ గుంపులో చెంగమ్మ అని ఒక చిన్నది ఉంది. వీరనాగమ్మ కోడలు. మొగుడు రాజధానిలో రాళ్లు మోయడానికి పోయి ఆరు నెలలు. ఊళ్లో వయసు మగవాళ్లు సగానికి సగం అలాగే పోయారు. చంటిపిల్లను ఇంట్లో పడుకోబెట్టి వచ్చిందేమో, చెంగమ్మ ఒళ్లు ఇక్కడ ఉన్నా చెవులు ఇంట్లోనే ఉన్నాయి. గాజు సగం ఎక్కిందో లేదో పక్కింట్లోంచి కేరుమని ఏడుపు. చెంగమ్మ చెయ్యి లాక్కుని లేచింది.

"పాప ఉయ్యాల్లో ఉందా అమ్మా?" అన్నాడు అరుణకేతుడు, ఊరికే మర్యాదకు.

అంతే. అరుగు మీది ఆడవాళ్లంతా ఒక్కసారే లేచి నిలబడ్డారు. వీరనాగమ్మ మూడుసార్లు థూ థూ థూ అని పక్కకు ఊసింది.

"ఆ మాట పరాయోళ్ల నోట రాకూడదు శెట్టీ! ఈ ఊర్లో బిడ్డ ఉయ్యాల పైవాళ్ల కంట పడకూడదు. లోపలింట్లోనే పేనుతాం, లోపలింట్లోనే కడతాం, బయట కట్టాల్సొస్తే చీర కప్పుతాం, బిడ్డ దిగినాక చుట్టి అటకేస్తాం. మునుపొక పరాయి మనిషి చూసినాడు. ఆ బిడ్డకు మూడు నెల్లు జరం."

అరుణకేతుడు చేతులు జోడించి తప్పు ఒప్పుకున్నాడు. కానీ అతని బుర్రలో గాడి ఒకపక్క, అటక ఒకపక్క గిరగిరా తిరగసాగాయి.

మధ్యాహ్నమైంది. ఊరిచుట్టూ కిత్తలి పొదల్లో కొన్ని ఆకులు మొదలంటా కోసి ఉండడం అతను గమనించాడు. ఎవరు కోశారు? ఎందుకు? ఆ కోత గుర్తులు పట్టుకుని లోయ అంచుకు వచ్చాడు. అంచున చల్లటి మడుగు ఒకటి సుద్దనీళ్లతో తెల్లగా మెరుస్తోంది. ఒడ్డున చెంగమ్మ ఏదో ఉతుకుతూ, పక్కన కొమ్మకు కట్టిన దానిమీద పాత చీర కప్పి, ఒక కాలితో ఊపుతోంది. ఇతన్ని చూడగానే చెంగమ్మ చీరను ఇంకాస్త కిందికి లాగింది. పాడు కళ్లని అనుకుంటుందేమోనని అరుణకేతుడు మొహం తిప్పుకుని, తుందిలుణ్ణి ఒడ్డునే ఉండమని, వంతెన మీదికి నడిచాడు. అక్కణ్ణించి మడుగు గట్లన్నీ కనబడతాయి.

వంతెన నడుమకు వచ్చాడో లేదో, ఆవలి చివర ఒక బైరాగి ప్రత్యక్షమయ్యాడు.

"గాజులు ఎలా ఇస్తావు శెట్టీ?"

"తమకెందుకు స్వామీ గాజులు?"

"నాకు కాదు నాయనా, నీకే. సంకెళ్లు పడేముందు చేతులకు కాస్త అలవాటు కావద్దూ!"

పకపకా నవ్వాడు. నవ్వుతున్నకొద్దీ గడ్డం పొడుగై, జడలు లేచి, ఒక్కో జడ కొసనుంచీ నల్లటి పొగ బుసకొట్టింది. ధూమ్రజటుడు! అరచెయ్యి చాచేసరికి అందులో అగ్నిగోళం. దాన్ని మూడు ముక్కలు చేసి, ఒకటి గుప్పిట్లో ఉంచుకుని, ఒకటి ఈ చివరకూ ఒకటి ఆ చివరకూ విసిరాడు. చెక్క వంతెన రెండు వైపులా భగ్గుమంది.

అరుణకేతుడు చేతికి అందిన ఆయుధం విసిరాడు. అది మలారం. ఆరు వందల గాజులు వానలా కురిశాయి. సగం మాంత్రికుడి నెత్తిన పగిలాయి, ఒక ఊదారంగు గాజు సరిగ్గా వాడి ముక్కుకు తగులుకుని వేలాడింది. దాన్ని పీక్కునేలోగా వంతెన విరిగిపోయింది. అరుణకేతుడు రాయిలా కిందికి జారి, గోడకు పొడుచుకువచ్చిన ఒక బండమీద పడ్డాడు. కింద జలపాతం గర్జిస్తోంది. బండ అంచు పెళ్లలు పెళ్లలుగా ఊడుతోంది.

"ప్ర... శె... ఓరి నాయనో!" అని తుందిలుడు పెట్టిన కేకకు ఊరంతా పరుగెత్తుకొచ్చింది. కొండప్ప బావితాడు తెచ్చి వేశాడు. సంతలో కొన్న కొబ్బరితాడు, అరుణకేతుడు పట్టుకోగానే నడిమికి తెగింది. రెండో తాడుకు నిప్పురవ్వ తగిలి అగరొత్తిలా కాలిపోయింది. తుందిలుడు పదహారు మూరల తలపాగా విప్పి వదిలాడు. చిమ్మట కొట్టిన చోట అది పుటుక్కుమంది.

చెంగమ్మ లేచి నిలబడింది. చీర కప్పిన కొమ్మ వంక చూసింది. వీరనాగమ్మ ఆ చూపు పట్టేసింది.

"వొద్దే చెంగీ! పరాయి మనిషి. పసిబిడ్డే మనది!"

"ఆయనకూ అమ్మ ఉంటాది గదత్తా" అంది చెంగమ్మ.

చీర లాగేసింది. బిడ్డను ఎత్తి, తన కంటి కాటుక తీసి బుగ్గన ఒక చుక్క, నుదుట ఒక చుక్క, అరికాలిలో ఒక చుక్క పెట్టి, తుందిలుడి చేతుల్లో కూరింది.

"తల కింద చెయ్యి పెట్టు! తల కిందన్నా! ఆ... అట్లా. జారవిడిస్తే నిన్ను కూడా ఆ లోయలోకే తోస్తా."

పుట్టి బుద్ధెరిగాక బిడ్డను ఎత్తని తుందిలుడు ఊపిరి బిగబట్టి కొయ్యబొమ్మలా నిలబడ్డాడు.

ఇక ఆ ఉయ్యాల! వెన్నెలను వడికి పేనితే అలా ఉంటుందేమో. మల్లెమొగ్గల్లాంటి ముడులు, ముడికీ ముడికీ నడుమ తేనెపట్టు గదుల్లా అల్లిక, నాలుగు మూలల నుంచీ చిటికెనవేలి లావు తాళ్లు. కడుపుతో ఉన్నన్నాళ్లూ పేనుతూనే ఉంటారు కాబట్టి దూలానికి కట్టగా మిగిలిన తాడు చుట్టలు చుట్టలుగా ఉంటుంది. చెంగమ్మ ఆ చుట్టలన్నీ విప్పి, ఉయ్యాలను లోయలోకి జారవిడిచింది.

"ఎక్కి కూర్చో శెట్టీ!"

రత్నకూట సింహాసనానికి వారసుడు పసిపిల్ల ఉయ్యాల్లో మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాడు. పైన పదిమంది ఆడవాళ్లు తాడు పట్టారు. ముక్కున గాజు పీకేసుకున్న ధూమ్రజటుడు మండిపడి, చేతిలో మిగిలిన ఆఖరి మంటను తాడుమీదికి ఊదాడు. మంట తాడు పొడుగునా పాములా పాకింది. పాకి, పాకి, ఆరిపోయింది. తాడు ఒక్క పోగు కమలలేదు సరికదా, తోమిన వెండిలా ఇంకా తెల్లబడింది.

"ఏం తాడిది!" అని మాంత్రికుడూ, ఉయ్యాల్లోని రాజకుమారుడూ ఒక్కసారే అరిచారు.

అగ్నిమంత్రం ధూమ్రజటుడి మాట రోజుకు ఒక్కసారే వింటుంది. వాడు పళ్లు కొరికి, "పోనీలే! వంతెన లేదుగా. ఎల్లుండి పొద్దు గూకేదాకా ఆ కొండమీదే కూర్చుని గాజులమ్ముకో!" అని పొగై పోయాడు.

ఒడ్డెక్కగానే అరుణకేతుడు ప్రాణం దక్కిందని కూడా అనుకోలేదు. తాడును కళ్ల దగ్గర పెట్టుకుని చూశాడు.

"దేనితో చేశారు దీన్ని?"

"కిత్తలి నారతో" అంది చెంగమ్మ. బిడ్డను లాక్కుని మెడమీద చెయ్యి వేసి వేడి చూస్తోంది. "ఆకు కోసి, ఈ సుద్దమడుగులో ఇరవై ఒక్క దినం నానేసి, ఉతికి, దువ్వి పేనుతాం. వేరే నీళ్లలో నానేస్తే ఇంత తెలుపు రాదు, ఇంత గట్టీ రాదు."

"ఎవరెవరికి వచ్చు?"

"కడుపు పండిన ప్రతి ఆడదానికీ వచ్చు."

"మరి బావికి కొబ్బరితాడు ఎందుకు కొంటున్నారు?"

 కొండప్ప నవ్వేశాడు. "అదా! అది ఆడోళ్ల పురిటి పని శెట్టీ. దాన్ని కూడా ఒక పని అంటారా ఎవరైనా?"

"అయితే తొమ్మిది నెల్లు మేం ఆడుకుంటాండామా మామా?" అంది చెంగమ్మ. కొండప్ప మీసం కిందికి దిగింది.

"అమ్మా, వినండి!" అన్నాడు అరుణకేతుడు. "నేను దేశాలు తిరిగినవాణ్ణి. సముద్రపు ఒడ్డున నౌకలవాళ్లు ఉప్పునీళ్లకు కుళ్లే తాళ్లతో ఏడుస్తున్నారు. గనుల్లో తాడు తెగి మనుషులు పోతున్నారు. ఏనుగులను కట్టే తాళ్లు ఏడాదికి నాలుగుసార్లు మారుస్తారు. కాలని, చివకని, తెగని తాడు ఎక్కడుందో తెలిస్తే వాళ్లు ఈ లోయకు బారులు కడతారు. మన్నేపల్లికి మట్టి ఎలాగో మీకు ఈ మడుగు అలా. రాజుగారు అడిగిన మూడూ మీ అటకమీదే ఉన్నాయి!"

ఆనందించాల్సిందే. కానీ ఆడవాళ్లు ఒక్కరూ కదల్లేదు. అందరి కళ్లూ చెంగమ్మ బిడ్డ మీదే. పరాయి కన్ను పడింది మరి. చెంగమ్మ ఇంకోసారి మెడ తాకి చూసింది, పాదాలు తాకి చూసింది. ఆ పిల్లేమో తుందిలుడి పొట్ట వంక చూసి బోసినోటితో నవ్వుతోంది.

వీరనాగమ్మ గొంతు సవరించుకుంది. ఎందుకో నేల చూపులు చూసింది.

"ఒక మాట చెప్తా. నవ్వితే ఊరుకోను. ఆ కాలంలో మూడు నెల్లు జరం వచ్చిన బిడ్డ లేదూ... అది నేనే."

"నువ్వా అత్తా!"

"నేనేనే. మూడు నెల్లు కాదు, మూడు దినాలు. మా అమ్మకు అప్పుడు పదిహేడేళ్లు. నన్ను వానలో తడిపింది. ఆ మాట మా నాయనమ్మకు తెలిస్తే చీరేస్తాదని, దోవన పోయే వాడెవడో ఉయ్యాల చూసినాడని చెప్పింది. పోయేముందు నాకొక్కదానికే చెప్పింది. ఆ భయానికి పుట్టిందే ఈ కట్టుబాటు. అది తెల్సినాక కూడా నేను నోరు మూసుకుని కాపాడుకొస్తి."

 ముందు పళ్లూడిన అవ్వ కిసుక్కుమంది. ఆమె వెనక ఇంకొకామె. కాసేపటికి లోయంతా ఆడవాళ్ల నవ్వులతో మారుమోగింది. చెంగమ్మ మాత్రం నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, అయినా సరే బిడ్డకు ఇంకో చుక్క పెట్టింది.

పని మొదలైంది. రాజధానికి ఒకటిన్నర రోజు నడక. అంటే రేపు పొద్దెక్కేసరికి వంతెన తయారు కావాలి. నలభై ఇళ్ల అటకల మీంచి ఉయ్యాలలు దిగాయి. తల్లులవి, అత్తలవి, వాళ్ల అత్తలవి. దుమ్ము దులిపితే అన్నీ నిన్న పేనినట్టే ఉన్నాయి. ఇప్పుడు పిల్లలు పడుకునే ఏడింటినీ మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

"ఇది మా పెద్దోడిది!" "ఇది మా కవలలది, చూడు జంట ముడి!" అని ఒకటే సందడి. వీరనాగమ్మ ఒక బుల్లి ఉయ్యాల పైకెత్తి, "కొండప్పా, ఇది నీదిరా. మూడేళ్లొచ్చినా దిగనని కాళ్లు తన్నుకుని ఏడ్చేటోడివి" అంది. కొండప్ప ఆ ఉయ్యాలను, తన ఒళ్లును మార్చి మార్చి చూసుకుని, పేనడానికి కూర్చున్నాడు. మగవాళ్లు ఆ పనికి కూర్చోవడం అదే మొదలు. తుందిలుడు పేనిన తాడు చపాతీపిండిలా వచ్చిందని పదహారేళ్ల పిల్ల దాన్ని విప్పి అతని చేతికే ఇచ్చింది.

దీపాలవేళకు పిల్లలకు అన్నాలు పెట్టి పడుకుని, తెల్లవారగానే మళ్లీ కూర్చున్నారు. ఎండ జలపాతాన్ని తాకేసరికి నాలుగు పేటల వంతెన సిద్ధమైంది. మిగిలిన తాడుతో సభలో చూపడానికి నలుగురు మోసేంత పెద్ద వల కూడా అల్లారు. అరుణకేతుడు వెదురు విల్లు వంచి, బాణానికి సన్నతాడు కట్టి వదిలాడు. బాణం లోయ దాటి, ఆవలి ఒడ్డున రెండు బండల సందులో దిగబడి బిగుసుకుంది.

"గాజుల శెట్టికి గురి యాడిదిరా?" అని కొండప్ప చెవి గోక్కున్నాడు.

ముందు ఎవరు దాటాలి? అందరూ తుందిలుడి వంక చూశారు.

"అర్థమైంది" అన్నాడు తుందిలుడు. "నన్ను మోస్తే ఊరినంతా మోస్తుంది, అంతేగా!"

కళ్లు మూసుకుని ఎక్కాడు. సన్నతాడు పట్టుకుని మెల్లగా ఆవలికి పాకి, పెద్ద తాళ్లు లాగి బండలకు బిగించాడు. తిరిగి సగం దూరం వచ్చి నడుమ నిలబడి గెంతాడు. వంతెన ఉయ్యాలలా ఊగింది. తుందిలుడి మొహంలో భయం పోయింది. తర్వాత ఆవులింత వచ్చింది. "ఇక్కడో కునుకు తీయనా?" అని అరిచాడు.

సభలో పేని చూపడానికి పన్నెండుమంది ఆడవాళ్లు బయల్దేరారు. నారకట్టలు నెత్తిన, వల భుజాల మీద, చంటిపిల్లలు వీపుల మీద. పాలు తాగే పిల్లలను వదిలి ఎవరు వెళ్లగలరు! చెంగమ్మ ఆ లోయ దాటడం పుట్టాక ఇదే మొదలు. వంతెన చివర కాలు పెట్టగానే అవతలి నేలను బొటనవేలితో నొక్కి చూసింది.

అప్పుడే ఎదురుగా వెదురుపొదల నడుమ బాటమీద గిట్టల చప్పుడు. పొగరంగు గుర్రం. దానిమీద రాచదుస్తులు, రత్నాల కిరీటం, నడుమున కత్తి.

"శెట్టీ!" అంది చెంగమ్మ. "ఆ మొగం నీదే గదా!"

అచ్చంగా అరుణకేతుడే! గుర్రం మీది అరుణకేతుడు నేల మీది అరుణకేతుడికి తలవంచి నమస్కరించాడు. గొంతు కూడా అదే, నవ్వు మాత్రం ధూమ్రజటుడిది.

"యువరాజు అరుణకేతుడు సభకు వెళ్తున్నాడు. గోగులకోనలో పనికొచ్చేది గడ్డిపోచ కూడా లేదని తండ్రిగారికి తన నోటితోనే చెబుతాడు. వెనక ఎవడో గాజులవాడు వచ్చి నేనే కొడుకునంటే, భటులు మెడబట్టి గెంటుతారు."

పన్నెండుమందీ గాజుల శెట్టి వైపు తిరిగారు.

"ప్రభూ!" అని అలవాటుగా అనేసి, తుందిలుడు నాలుక కరుచుకున్నాడు.

"ఓయమ్మా!" అంది వీరనాగమ్మ. "నా చెయ్యి పట్టుకుని గాజులేసింది రాజుకొడుకా? ముందే చెప్పుంటే ఇంకో డజను ఏయించుకుందును గదరా!"

అరుణకేతుడి మొహం మాత్రం పాలిపోయింది. "అవ్వా, వాడు ముందు చేరితే మన పని అయిపోయినట్టే. నేను నేనేనని సభలో ఎలా రుజువు చేయను?"

చెంగమ్మ నారకట్టను నెత్తిమీద సర్దుకుంది.

"నువ్వెవురో రుజువు చేసేదానికా మేం ఊరు దాటింది? మాకొచ్చింది మేం రాజు కళ్లముందర పేని చూపిస్తాం. కాలుస్తారా, కాల్చుకోమను. ఏనుగుతో లాగిస్తారా, లాగించుకోమను. మీ ఇద్దర్లో ఎవురు కొడుకో ఆయన తీరిగ్గా తేల్చుకుంటాడు."

గుర్రం మీది మొహంలో ఆ నవ్వు చప్పున ఆరిపోయింది. ఇంత దూరం వాడూ ఆలోచించలేదు. కళ్లెం లాగి, పిడికెడు బూడిద తీసి గాలిలోకి చల్లి, గుర్రాన్ని రత్నకూటం దారిన ఉరికించాడు. బూడిద పడిన ప్రతి వెదురుపొదా ఒళ్లు విరుచుకుంది. కణుపులు కాళ్లయ్యాయి, ఆకులు చెవులయ్యాయి, మొనదేలిన బొంగులు దంతాలయ్యాయి. నల్లటి పొగ ఏనుగులు, ఇరవయ్యో ముప్పయ్యో, బాటకు అడ్డంగా లేచి, తొండాలెత్తి ఘీంకరించాయి. తుందిలుడు వంతెన వైపు రెండడుగులు వేసి, వీపులమీది పిల్లల్ని చూసి, సిగ్గుపడి ఆగిపోయాడు. అరుణకేతుడు ఒరలేని నడుమును తడుముకున్నాడు.

నేల అదురుతోంది. ఏనుగులు కదిలాయి.

వీరనాగమ్మ కొంగు బిగించి నడుమున దోపింది.

"పిల్లల్ని ఎనక్కి! వలని ముందుకి! వాడి మంటకే లొంగని తాడు, వాడి పొగకు లొంగుతాదా!"

బిడ్డలందరినీ క్షణంలో తుందిలుడి చుట్టూ చేర్చారు. పన్నెండుమంది ఆడవాళ్లూ వల అంచు తలా ఒక మూర పట్టుకుని, బాట నిండా పరుచుకుని, ఏనుగులకు ఎదురు నడిచారు.